ఇంట్లో ఒకరికి నిరోధకశక్తి తక్కువైతే బిడ్డకు టీకాలు ఆపవచ్చునా?

తెలుగువారు ప్రళయకావేరి అని కూడా పిలుచుకొనే పళవేర్కాడు సరస్సు రెండు రాష్ట్రాల మధ్య పరచుకొని ఉన్నది. అటువైపు సూళ్లూరుపేట, తడ. ఇటువైపు పళవేర్కాడు, పొన్నేరి. చేపల వేట కోసమో, గుమ్మిడిపూండి, ఎన్నూరు ప్రాంతాల పరిశ్రమలలో కొలువు కోసమో ఇటువైపు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఇటువంటి కుటుంబాలలో కాన్పు పుట్టింట జరగడం, బిడ్డకు రెండు మూడు నెలలు నిండాక తల్లి తిరిగి అత్తవారింటికి రావడం మన ఆచారం. అందువల్ల బిడ్డ తొలి టీకాలు తెలుగు మాట్లాడే నర్సమ్మ చేతిమీదుగాను, తరువాతి టీకాలు తమిళం మాట్లాడే నర్సమ్మ చేతిమీదుగాను జరుగుతాయి. టీకాల పట్టిక దేశమంతటా దాదాపు ఒక్కటే కనుక సాధారణంగా ఇందులో చిక్కు ఉండదు.

చిక్కు వచ్చేది ఒక ప్రత్యేక పరిస్థితిలో. బిడ్డ తండ్రికి మూత్రపిండ మార్పిడి జరిగి ఉండవచ్చు. తల్లి క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటూ ఉండవచ్చు. కీళ్లవాతానికో మరొక దీర్ఘవ్యాధికో నిరోధకశక్తిని అణచే మందులు వాడుతూ ఉండవచ్చు. అటువంటి వారికి ఆసుపత్రిలో మొదట చెప్పే జాగ్రత్తలలో ఒకటి: ‘మీరు సజీవ టీకాలు వేయించుకోరాదు.’ ఆ మాట ఇంటికి చేరేసరికి మరొక సందేహంగా మారుతుంది. ‘బిడ్డకు వేసే టీకాలో బతికి ఉన్న క్రిమి ఉన్నదట. అది బిడ్డనుంచి నాకు అంటుకుంటే?’ ఈ భయంతో కొందరు బిడ్డ టీకాలను వాయిదా వేస్తారు, కొందరు పూర్తిగా మానుకొంటారు.

ఈ సందేహానికి సమాధానం క్లుప్తంగా ఇది. బిడ్డ టీకాలు మానవలసిన పని లేదు. సజీవ టీకాలలో నోటిలో వేసే పోలియో చుక్కల విషయం మాత్రం ముందుగా వైద్యులను అడిగి తేల్చుకోవలసినది. రోటావైరస్ చుక్కలకు, ఆటలమ్మ టీకాకు కొద్దిపాటి జాగ్రత్త చాలు. తట్టు టీకాకు ఏ ఆటంకమూ లేదు. పైగా అది నిరోధకశక్తి తగ్గిన తల్లికో తండ్రికో బిడ్డ ద్వారా లభించే రక్షణ. కారణాలను ఇక ఒక్కొక్కటిగా చూద్దాము.

సజీవ టీకా అనగానేమి?

టీకాలు స్థూలంగా రెండు విధాలు. మొదటి విధంలో క్రిమిని పూర్తిగా చంపి గాని, దానిలోని ఒక భాగాన్ని మాత్రమే తీసుకొని గాని టీకా తయారు చేస్తారు. బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ సూది, న్యుమోనియా నివారణకు ఇచ్చే పీసీవీ, పుట్టిన రోజున ఇచ్చే హెపటైటిస్-బి, సూదిరూపంలోని పోలియో టీకా ఈ కోవకు చెందినవి. ఇవి శరీరంలో పెరగవు. కాబట్టి ఒకరినుంచి మరొకరికి అంటుకొనే ప్రసక్తే లేదు. ఇంట్లో ఎవరికి ఏ వ్యాధి ఉన్నా వీటిని నిశ్చింతగా వేయించవచ్చు.

రెండవ విధం సజీవ టీకా. ఇందులో క్రిమి బతికే ఉంటుంది, కాని రోగం కలిగించే బలం దానికి లేకుండా చేసి ఉంటారు. ఆ బలహీనమైన క్రిమి శరీరంలో కొంతకాలం పెరిగి, అసలు క్రిమిని ఎదిరించడం శరీరానికి నేర్పుతుంది. బీసీజీ, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు, మీజిల్స్-రూబెల్లా టీకా, ప్రైవేటు ఆసుపత్రులలో ఇచ్చే ఆటలమ్మ టీకా ఈ కోవలోనివి. కొన్ని జిల్లాలలో ఇచ్చే మెదడువాపు టీకాలలో కూడా సజీవమైనది ఒకటి ఉన్నది.

సజీవ టీకాను నిరోధకశక్తి లేని మనిషికి నేరుగా వేస్తే బలహీనమైన క్రిమి సైతం అదుపు తప్పి పెరగవచ్చు. ఆసుపత్రివారు ‘మీరు సజీవ టీకా వేయించుకోరాదు’ అనడానికి కారణం అదే. అయితే టీకా తాను వేయించుకోవడం వేరు. టీకా వేయించుకొన్న బిడ్డతో కలిసి ఉండడం వేరు. రెండవ సందర్భంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ క్రిమి బిడ్డ శరీరంనుంచి బయటికి వస్తుందా? వస్తే ఏ దారిన వస్తుంది?

నిరోధకశక్తి తక్కువ ఉన్నవారు ఎవరు?

ఈ వ్యాసం ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో ముందుగా తెలుసుకోవడం మంచిది. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, రక్తక్యాన్సర్ రోగులు, మూత్రపిండం, కాలేయం, మూలుగ వంటివి మార్పిడి చేయించుకొని టాక్రోలిమస్ వంటి మందులు వాడేవారు, రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన ప్రెడ్నిసొలోన్‌ను రెండు వారాలకు పైగా వాడేవారు, కీళ్లవాతానికి, పేగు వాపుకు బయోలాజిక్ సూదులు తీసుకొనేవారు, చికిత్స లేక నిరోధకశక్తి బాగా పడిపోయిన హెచ్ఐవి రోగులు, పుట్టుకతోనే నిరోధక వ్యవస్థలో లోపం ఉన్నవారు ఈ జాబితాలోకి వస్తారు.

షుగరు, రక్తపోటు, ఉబ్బసానికి పీల్చే మందు, చర్మానికి పూసే స్టెరాయిడ్ లేపనం, ఒకటి రెండు రోజులు వాడిన స్టెరాయిడ్ మాత్రలు ఈ జాబితాలోకి రావు. వీటి కారణంగా బిడ్డ టీకా గురించి సందేహించవలసిన అవసరం లేదు.

తట్టు టీకా: బిడ్డకు, ఇంటికి కూడా రక్షణ

బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, పదహారు నుండి ఇరవైనాలుగు నెలల మధ్య మరొకసారి మీజిల్స్-రూబెల్లా టీకా వేస్తారు. మీజిల్స్‌ను మనం తట్టు లేక పొంగు అంటాము. తమిళంలో తట్టమ్మై అంటారు. ఈ టీకాలోని క్రిమి బిడ్డనుంచి ఇతరులకు వ్యాపించదు. టీకా వేసిన వారం పది రోజులకు కొందరు పిల్లలకు కాస్త జ్వరం, సన్నని దద్దురు రావచ్చు. అప్పుడు కూడా అది తల్లిదండ్రులకు అంటుకోదు. బిడ్డను ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు, తల్లి పాలివ్వవచ్చు.

అసలు తట్టు సంగతి వేరు. మనకు తెలిసిన అంటువ్యాధులలో అత్యంత వేగంగా వ్యాపించే వాటిలో అది ఒకటి. రక్షణ లేనివారి మధ్య ఒక రోగి 12 నుంచి 18 మందికి దానిని అంటించగలడు. రోగి గదిలోనుంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ క్రిమి గాలిలో నిలిచి ఉంటుంది. వరుస ఇళ్లలో, ఒకే గోడను ఆనుకొని నాలుగు కుటుంబాలు నివసించే చోట దీని అర్థం ఏమిటో వివరించనక్కరలేదు. నిరోధకశక్తి అణగిన మనిషికి తట్టు సోకితే ఒక్కొక్కసారి ఒంటిమీద దద్దురు సైతం కనిపించదు. నేరుగా ఊపిరితిత్తులకో మెదడుకో చేరి ప్రాణం తీయవచ్చు. వారికి టీకా వేయడానికి వీలులేదు. అందువల్ల చుట్టూ ఉన్నవారు టీకా వేయించుకోవడమే వారికి దొరికే రక్షణ.

ఒక ఉదాహరణ తీసుకొందాము. మూత్రపిండ మార్పిడి జరిగిన తండ్రి, తనకు ప్రమాదమని తలచి, ఏడాది బిడ్డకు తట్టు టీకా మాన్పించాడనుకొందాము. టీకాలోని క్రిమి ఎలాగూ అతనికి అంటుకొనేది కాదు. కాని అంగన్‌వాడీలోనో, బస్సులోనో, పెండ్లి పందిట్లోనో బిడ్డకు అసలు తట్టు సోకితే మొదట చేరేది తండ్రి ఒడిలోకే. లేని ప్రమాదానికి భయపడి, ఉన్న ప్రమాదానికి తలుపు తెరచినట్లవుతుంది.

తమిళనాడులో 2017 ఫిబ్రవరిలో తొమ్మిది నెలలు నిండినవారినుంచి పదిహేనేళ్ల లోపువారి వరకు అందరికీ ఈ టీకాను ప్రత్యేక ఉద్యమంగా వేశారు. ఆ సమయంలో ఊరు మారుతూ ఉండి టీకా తప్పిన పిల్లలు ఇంట్లో ఉంటే వారి విషయం కూడా ఆరోగ్య కేంద్రంలో అడగండి. తట్టు టీకా ఎన్నడూ వేయించుకోని, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు కూడా వైద్యుల సలహాతో వేయించుకోవచ్చు.

రోటావైరస్ చుక్కలు

పసిపిల్లల విరేచనాలకు ముఖ్య కారణాలలో రోటావైరస్ ఒకటి. దీని నివారణకు హైదరాబాదులో తయారైన రోటావాక్ టీకాకు 2014లో అనుమతి లభించింది. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో రోటావైరస్ టీకాను ప్రవేశపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017లో తమిళనాడు చేరింది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు దీనిని నోటి ద్వారా ఇస్తారు.

ఈ టీకాలోని క్రిమి కొంతకాలం బిడ్డ మలంలో బయటికి వస్తుంది. దానివల్ల ఇంట్లోని పెద్దలు తీవ్రంగా జబ్బుపడే అవకాశం చాలా తక్కువ. అందుచేత నిరోధకశక్తి తక్కువ ఉన్న తల్లి గాని తండ్రి గాని ఇంట్లో ఉన్నా ఈ టీకా ఇప్పించవచ్చునని వైద్యుల నిర్ణయం. జాగ్రత్త ఒక్కటే. టీకా ఇచ్చినప్పటినుంచి నాలుగు వారాలపాటు బిడ్డ గుడ్డలు, డైపర్లు మార్చే పని ఇంట్లో మరొకరు చేయాలి. వేరొకరు లేనప్పుడు పని పూర్తికాగానే సబ్బుతో, పారే నీటితో చేతులు బాగా కడుక్కోవాలి. ఆరు వారాల నుండి పద్నాలుగు వారాల వరకు మూడు మోతాదులు వరుసగా పడతాయి కనుక, బిడ్డకు నెలన్నర వయసునుంచి నాలుగున్నర నెలల వయసు వరకు ఈ అలవాటు పాటించవలెనని గుర్తుంచుకొంటే చాలు.

ఆటలమ్మ టీకా

ఆటలమ్మ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు. ప్రైవేటు వైద్యుల వద్ద రెండు మోతాదులుగా వేయించుకోవచ్చు. నిరోధకశక్తి తక్కువ ఉన్నవారికి ఆటలమ్మ సోకితే ప్రాణాంతకం కావచ్చు గనుక అటువంటి ఇళ్లలోని పిల్లలకు ఈ టీకా మరింత అవసరం. టీకా వేసిన తరువాత బిడ్డ ఒంటిమీద నీటి పొక్కులు రాకుంటే ఏ జాగ్రత్తా అక్కరలేదు. పొక్కులు వస్తే అవి ఎండి పోయేవరకు బిడ్డను ఆ తల్లికి గాని తండ్రికి గాని దగ్గర చేయకుండా ఇంట్లోని మరొకరు చూసుకోవాలి. టీకా పొక్కులనుంచి క్రిమి ఇతరులకు అంటుకోవడం చాలా అరుదు. అయినా ఈ జాగ్రత్త కష్టమైనది కాదు.

బీసీజీ, మెదడువాపు టీకాలు

పుట్టిన వెంటనే బిడ్డ ఎడమ భుజంపై వేసే బీసీజీతో తిరువళ్లూరు ప్రాంతానికి పాత సంబంధం ఉన్నది. ఈ టీకా క్షయను ఎంతవరకు నివారిస్తుందో తెలుసుకొనేందుకు భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో 1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లాలో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. తిరువళ్లూరు అప్పట్లో ఆ జిల్లాలోనిదే. ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1997లో. పదిహేనేళ్లపాటు ప్రజలను పరిశీలించాక, పెద్దలలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ అడ్డుకోలేకపోతున్నదని తేలింది. అయినా పసిపిల్లలలో మెదడు పొరలకు వచ్చే ప్రమాదకరమైన క్షయనుంచి అది కాపాడుతుంది గనుక పుట్టుక టీకాగా కొనసాగుతున్నది.

దీనినుంచి మనం గ్రహించవలసిన విషయాలు రెండు. బీసీజీ బిడ్డను రక్షిస్తుందే గాని ఇంట్లోకి క్షయ రాకుండా ఆపదు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫ పరీక్ష చేయించవలసినదే. రెండవది, బీసీజీ వేసిన బిడ్డ దగ్గినా తుమ్మినా ఇతరులకు క్షయ రాదు. టీకా వేసిన కొన్ని వారాలకు భుజంపై చిన్న పుండు లేచి, చీము కారి, మచ్చ పడి మానిపోవడం సహజం. నిరోధకశక్తి తక్కువ ఉన్నవారు ఆ చీమును వట్టి చేత్తో తాకకుండా ఉంటే సరిపోతుంది. పుండుమీద పసుపు, ఆకు పసరు, లేపనాలు పూయరాదు.

మెదడువాపు క్రిమి మనిషినుంచి మనిషికి కాక దోమకాటు ద్వారా వ్యాపించేది. అందువల్ల ఆ టీకా వేయించుకొన్న బిడ్డనుంచి తల్లిదండ్రులకు భయం లేదు.

పోలియో చుక్కల సంగతి

ఇప్పుడు అసలు జాగ్రత్త అవసరమైన టీకాకు వద్దాము. పోలియో చుక్కలలోని బలహీనమైన క్రిమి బిడ్డ పేగులలో పెరుగుతుంది. కొన్ని వారాలపాటు మలంలో బయటికి వస్తుంది. ఆరోగ్యవంతులకు ఇది మేలే. ఆ క్రిమి పక్కవారికి చేరినా వారికి కూడా కొంత రక్షణ కలుగుతుంది. కాని నిరోధకశక్తి, ముఖ్యంగా ప్రతిరక్షకాలను తయారుచేసే శక్తి, లేనివారి పేగులలో ఆ క్రిమి ఎంతకాలమైనా నిలిచి, క్రమంగా మారి, తిరిగి పక్షవాతం కలిగించే బలం పొందవచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టుకతో వచ్చిన నిరోధక లోపం గల 44 ఏళ్ల స్త్రీకి ఉన్నట్టుండి కాళ్లు చేతులు, ఊపిరి కండరాలు చచ్చుబడి, చివరకు ఆమె మరణించినది. ఆమె మలంలో టీకానుంచి మారిన పోలియో క్రిమి దొరికినది. అందులోని మార్పులను లెక్కగట్టగా, సుమారు పన్నెండేళ్ల కిందట ఆమె బిడ్డకు పోలియో చుక్కలు వేసిన కాలంనుంచి అది ఆమె శరీరంలో ఉన్నట్లు తేలింది. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రిక ఈ ఉదంతాన్ని ప్రచురించినది. ఇటువంటివి అత్యంత అరుదు. అంతేకాక ఆమెకు సోకినది రెండవ రకం క్రిమి. ఆ రకాన్ని 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా, మన దేశంలో కూడా, చుక్కల మందునుంచి తొలగించారు. ఇప్పటి చుక్కలలో ఒకటవ, మూడవ రకాలు మాత్రమే ఉన్నాయి. ప్రమాదం బాగా తగ్గినది, కాని పూర్తిగా పోలేదు.

అటువంటప్పుడు చుక్కలు ఇంకా ఎందుకు ఇస్తున్నారు? మన దేశంలో అసలు పోలియో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో నమోదయినది. 2014 మార్చి 27న పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ లభించినది. పేగులలోనే క్రిమిని అడ్డుకోగల చుక్కల మందే ఈ విజయానికి ముఖ్య సాధనం. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఆ వ్యాధి ఇంకా ఉన్నందువల్ల మన దేశంలో చుక్కలు మానలేదు. అమెరికా 2000 సంవత్సరంనుంచి పూర్తిగా సూదిరూపంలోని టీకాకే మారిపోయినది.

ఇంట్లో నిరోధకశక్తి తీవ్రంగా తగ్గిన మనిషి ఉన్నప్పుడు బిడ్డకు చుక్కలకు బదులు సూదిరూపంలోని పోలియో టీకా ఇవ్వడం మేలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఆ సూదిలోని క్రిమి చచ్చినది, ఎవరికీ అంటుకోదు. మన ప్రభుత్వ పట్టికలోనే ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఈ సూది చిన్న మోతాదులో ఉన్నది. చుక్కలు మానినప్పుడు అంతమాత్రం చాలునా, పూర్తి మోతాదు సూదులు వేయించాలా అన్నది వైద్యులు నిర్ణయించాలి. తల్లిదండ్రులు తమంతట తాము చుక్కలు మాన్పించి ఊరకుంటే బిడ్డకు పోలియోనుంచి తగిన రక్షణ లేకుండా పోతుంది.

ఇక్కడ కాలం ముఖ్యం. మొదటి పోలియో చుక్క కాన్పు జరిగిన ఆసుపత్రిలోనే, బీసీజీతోపాటు, బిడ్డ పుట్టిన వెంటనే వేస్తారు. ఆ హడావుడిలో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. కనుక ఇంట్లో అటువంటి రోగి ఉంటే గర్భిణికి ఎనిమిదో నెల రాకముందే ప్రసూతి వైద్యులకు, రోగిని చూసే వైద్యులకు సంగతి చెప్పి, వారి నిర్ణయాన్ని చీటీమీద వ్రాయించుకొని కాన్పు ఫైలులో ఉంచండి. పుట్టిల్లు సూళ్లూరుపేటలో, ఆసుపత్రి చెన్నైలో ఉన్నా ఆ చీటీ మీ వెంట ఉంటుంది.

ఒకవేళ చుక్కలు అప్పటికే వేసి ఉంటే కంగారు పడవద్దు. నాలుగు నుండి ఆరు వారాలపాటు ఆ రోగి బిడ్డ మలమూత్రాలు శుభ్రం చేయకుండా, బిడ్డ గుడ్డలు వేరుగా ఉతికేలా, ఇంట్లో అందరూ సబ్బుతో చేతులు కడుక్కొనేలా చూడండి. పోలియో ఆదివారాలలో వీధిలోని పిల్లలందరికీ చుక్కలు వేస్తారు కనుక, ఒకే మరుగుదొడ్డిని పలువురు వాడుకొనే చోట ఆ రోగికి చేతుల శుభ్రత ఎల్లప్పుడూ అవసరమే.

తల్లి మందు గర్భస్థ శిశువుకు చేరినప్పుడు

ఇంతవరకు చెప్పినది బిడ్డనుంచి తల్లిదండ్రులకు కలిగే ప్రమాదం గురించి. దీనికి విరుద్ధమైనది ఒకటున్నది. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి బయోలాజిక్ సూదులు గర్భిణి తీసుకొంటే ఆ మందు మావి ద్వారా శిశువుకు చేరి, పుట్టిన తరువాత కూడా కొన్ని నెలలపాటు శిశువు రక్తంలో నిలుస్తుంది. అంటే నిరోధకశక్తి అణగినది తల్లికే కాదు, బిడ్డకు కూడా. బ్రిటన్‌లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకొన్న తల్లికి పుట్టిన శిశువుకు మూడు నెలల వయసులో బీసీజీ వేయగా ఆ క్రిమి శరీరమంతా వ్యాపించి శిశువు మరణించినట్లు వైద్యులు 2010లో ప్రచురించారు. ఆనాటినుంచి అటువంటి శిశువులకు సజీవ టీకాలను కనీసం ఆరు నెలల వరకు, కొన్ని మందుల విషయంలో ఇంకా ఎక్కువకాలం, వాయిదా వేస్తున్నారు.

మన దేశంలో బీసీజీ పుట్టిన రోజునే వేస్తారు. అందువల్ల గర్భకాలంలో ఇటువంటి సూది తీసుకొన్న తల్లి ఆ మందు పేరును కాన్పుకు ముందే చెప్పి తీరాలి. అలాగే మునుపు ఒక బిడ్డ పసితనంలోనే పదేపదే వచ్చిన జబ్బులతో పోయి ఉంటే, ముఖ్యంగా మేనరికపు పెండ్లి అయితే, ఆ సంగతి కూడా చెప్పాలి. నిరోధక వ్యవస్థలోని కొన్ని లోపాలు దగ్గరి బంధువుల పెండ్లిళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. ఆ రెండు సందర్భాలలో కూడా చంపిన క్రిమితో చేసిన టీకాలను మాత్రం వేళకే వేయించాలి.

హెచ్ఐవి ఉన్న తల్లిదండ్రులు, గోప్యత

హెచ్ఐవి ఉన్న తల్లికి పుట్టిన శిశువుకు ఏ వ్యాధి లక్షణాలూ లేకుంటే బీసీజీ, పోలియో చుక్కలు సాధారణంగా పట్టిక ప్రకారమే ఇస్తారు. కాబట్టి ఆ కుటుంబాలు ఏ టీకానూ తమంతట తాము మాన్పించక ఏఆర్‌టీ కేంద్రంలో అడగాలి. క్రమంగా మందులు వాడుతూ సీడీ4 సంఖ్య బాగున్న తల్లిదండ్రులకు ప్రమాదం చాలా స్వల్పం.

చాలామంది నోరు విప్పకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, బయటపడుతుందేమోనన్న బెదురు. టీకా కేంద్రంలో ఇరుగుపొరుగువారు వరుసలో నిలిచి ఉంటారు. అక్కడ జబ్బు పేరు చెప్పనక్కరలేదు. ‘ఇంట్లో ఒకరికి నిరోధకశక్తి తక్కువ, వైద్యులతో విడిగా మాట్లాడాలి’ అంటే చాలు. హెచ్ఐవి ఉన్న వ్యక్తి అనుమతి లేకుండా ఆ సంగతిని ఇతరులకు వెల్లడించరాదని 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన కేంద్ర చట్టం చెబుతున్నది.

టీకా రోజున చెప్పవలసిన మాటలు

తమిళనాడులో టీకా రోజు సాధారణంగా బుధవారం. తమిళం అంతగా రానివారికి ఈ క్రింది మాటలు ఉపకరిస్తాయి.

తడుప్పూసి అంటే టీకా. ఊసి అంటే సూది. సొట్టు మరుందు అంటే చుక్కల మందు. చిన్నమ్మై అంటే ఆటలమ్మ. కాసనోయ్ అంటే క్షయ. నోయ్ ఎదిర్ప్పు శక్తి అంటే వ్యాధినిరోధక శక్తి.

నర్సమ్మతో ఇలా అనవచ్చు: ‘ఎన్ వీట్టిల్ ఒరువరుక్కు నోయ్ ఎదిర్ప్పు శక్తి కురైవు. సొట్టు మరుందు కొడుక్కుం మున్ డాక్టరిడం కేట్క వేండుం.’ మా ఇంట్లో ఒకరికి నిరోధకశక్తి తక్కువ, చుక్కల మందు వేసే ముందు వైద్యులను అడగాలి అని దీని భావం.

వెంట తీసుకువెళ్లవలసినవి మూడు: బిడ్డ టీకా కార్డు, అది ఏ రాష్ట్రానిదైనా సరే; రోగి వాడుతున్న మందుల చీటీ; వైద్యులు వ్రాసి ఇచ్చిన సలహా ఉంటే అది. సందేహం తీరేవరకు ఆ రోజు ఆగవలసినవి పోలియో చుక్కలు మాత్రమే. మిగిలిన టీకాలను వేయించుకొనే ఇంటికి రండి. తల్లి గర్భకాలంలో బయోలాజిక్ సూది తీసుకొని ఉంటే మాత్రం ఏ సజీవ టీకానైనా వైద్యులను అడిగిన తరువాతనే వేయించండి.

ఇంట్లోగాని పక్కింట్లోగాని ఎవరికైనా తట్టు, ఆటలమ్మ వచ్చినట్లు తెలిస్తే, నిరోధకశక్తి తక్కువ ఉన్నవారు లక్షణాలు కనిపించేవరకు ఎదురుచూడక వెంటనే తమ వైద్యులకు తెలపాలి. తట్టు సోకే అవకాశం కలిగిన ఆరు రోజులలోపు ప్రతిరక్షకాల సూది ఇస్తే జబ్బును ఆపడమో, తగ్గించడమో సాధ్యం. ఆటలమ్మకు కూడా అటువంటి చికిత్స ఉన్నది. ఎక్కడికి వెళ్లాలో తోచనప్పుడు 104 నంబరుకు ఫోను చేసి ఆరోగ్య సలహా అడగవచ్చు.

నిరోధకశక్తి తగ్గిన తల్లికి, తండ్రికి బిడ్డను దూరం పెట్టనక్కరలేదు. ఏ టీకాలోని క్రిమి ఏ దారిన బయటికి వస్తుందో తెలిసినప్పుడు జాగ్రత్త సబ్బుకు, చేతి శుభ్రతకు, వైద్యులను ముందుగా అడిగే ఒక్క ప్రశ్నకు పరిమితమవుతుంది. ఆ ప్రశ్నను కాన్పుకు ముందే అడగండి. మిగిలిన టీకాలను వేళ తప్పకుండా వేయించండి.